దీపము లేని యూళ్లు – తపాలా లేని పేర్లు

మన రెవెన్యూ దస్తరములలో "బేచిరాకు గ్రామము" అను మాట కలదు. దీపము లేని యూరని దాని యర్థము. సర్వే సంఖ్యలుండును, పొలిమేరలుండును. సందెవేళ దీపము పెట్టు నిల్లు మాత్రముండదు. పాటిమన్నుకొఱకు రైతులు బండ్లు తోలుకొనిపోవు దిబ్బలలో ననేకము లొకనాటి యూళ్లే. జువ్వలదిన్నె భాగ్యవశమున నేటికిని జనముతో నున్నది. చేపల రేవొకటి యచ్చట నిర్మింపబడినది. కాని నెల్లూరు సీమలో నన్ని యూళ్లకు నట్టి గతి పట్టలేదు.

దుగరాజపట్నమును జూడుడు. ఆర్మగాన్ అను పేర ఇంగ్లీషువారు 1626 ప్రాంతమున నచ్చట కోఠీ కట్టిరి. 1639లో చెన్నపట్టణమున స్థలము దొరకగా దీనిని విడిచిపోయిరి. పెదగంజామునుండి మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్లు సాగు బకింగుహాము కాలువపై నొకప్పుడు బియ్యము, ఉప్పు, సరుగుడు కట్టెలు పడవలలో పోయెడివి. పడవలతోపాటు రేవులును సద్దుమణిగినవి. జువ్వలదిన్నెకు సమీపముననే యున్న బిట్రగుంట ఆవిరి యింజనుల షెడ్డుతో రైల్వేపట్టణమై వెలిగి, ఆ యింజనుల కాలము తీఱగానే కళ తప్పెను.

ఇవి మెల్లగా క్షీణించిన స్థలములు. ఒక్కసారిగా మునిగినవియు గలవు. శ్రీశైలము జలాశయముకొఱకు 1981లో కర్నూలు, మహబూబునగరు జిల్లాల పల్లెలను ఖాళీ చేయించిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. అది మెచ్చదగిన పనియే. కాని యా పల్లెల జనుల చిరునామాలను విప్పి తిరిగి కట్టినవా రెవ్వరు?

తపాలాశాఖ పల్లెలను మఱచినదనుట న్యాయము కాదు. స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున 23,344 తపాలాకచేరీలుండగా నేడు లక్షన్నరకు మించియున్నవి. వానిలో నత్యధిక భాగము పల్లెలలోనిదే. మా ఫిర్యాదు వేఱు. ఊరు పోయినప్పుడు దాని కచేరీ యెప్పుడు మూతపడెనో, దాని లేఖలు, పొదుపు ఖాతాలు ఏ కచేరీకి చేరెనో సామాన్యునకు తెలియు మార్గము లేదు.

ఇది కేవలము పాతజ్ఞాపకముల మీది మమకారము కాదు. న్యాయస్థానముల మెట్లెక్కువారికి దీని బరువు తెలియును. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము 27వ సెక్షను ప్రకారము, సరియైన చిరునామాతో సుంకము చెల్లించి రిజిస్టరు తపాలాలో పంపిన లేఖ, అందలేదని రుజువగువఱకు, అందినట్లే భావింపబడును. ఆ రుజువు చేయు భారమెవరిది? ఇల్లు మునిగి, బంధువులు నాలుగూళ్లకు చెదరిపోయిన వానిది! నష్టపరిహారపు గడువు దాటిన పిమ్మట నోటీసు సంగతి తెలిసికొని వాడేమి చేయగలడు? 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి రిజిస్టరు తపాలా స్పీడుపోస్టులో విలీనమైనది. లేఖ వేగముగా పోవుట మంచిదే. చేరవలసిన యూరు లేనప్పుడు వేగమువలన ప్రయోజనమేమి?

కావున మేము కోరునవి మూడు. పల్లె తపాలాకచేరీని మూయుటకుగాని, వేఱొకదానిలో కలుపుటకుగాని ముందు గ్రామసభలో ప్రజల మాట వినవలెను. ముంపునకు గుఱియైన గ్రామముల కచేరీల పట్టికను, అవి మూతపడిన తేదీలతోను, వాని పనిని స్వీకరించిన కచేరీల పేర్లతోను తెలుగున ప్రకటింపవలెను. పునరావాస కాలనీలకు సంఖ్యలు తగిలింపక పాత యూరి పేర్లనే నిలుపవలెను.

ప్రభుత్వము చేయువఱకు మనమూరకుండ నక్కఱలేదు. మన పెట్టెలలో తాతలనాటి కార్డులున్నవి. వానిపై నల్లని గుండ్రని ముద్రలో ఊరి పేరును తేదీయు నున్నవి. ప్రతి పఠనాలయమును ఒక పుస్తకము తెఱచి యా పేర్లను తేదీలను వ్రాసియుంచవలెను. వారసత్వపు తగవు వచ్చిననాడు, పుట్టినయూరు చెప్పుమని యధికారి యడిగిననాడు, ఆ పుస్తకము మన పేదవానికి సాక్షిగా నిలుచును. వచ్చు ఆదివారమే యీ పని మొదలగుగాక!