సెలవు చీటీలో ‘జ్వరం’ అని రాసుడు ఇక బంద్



చలి ముదిరింది. చిక్కుడు పాదులు కాతకొచ్చినయి, మామిడి పూత మొదలైంది. కోయ గూడేల్లో ఇవి చిక్కుడు పండుగ రోజులు. కొత్త చిక్కుళ్లు ముందు వేల్పుకు పెట్టాలె, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ తినాలె. మామిడికాయకు మర్క పండుమ్, ఇప్పపువ్వుకు ఇప్ప పండుగ కూడా గంతే. పండుగ కాకుండా నోట్లో పెట్టరు.

ఇది మూఢనమ్మకమని మనలోనే చదువుకున్నోళ్లు కొందరు అంటున్నరు. అడుగుతున్నం, చెప్పండి. చిక్కుడు లేతగున్నప్పుడే అంతా తెంపుకుంటే వచ్చే ఏడు ఏ గింజ పెడతరు? టెంక ముదరకముందే మామిడికాయ రాల్చుకుంటే కొత్త మొక్క ఎట్ల మొలుస్తది? చెట్టు కాసే దాకా ఆగుడు, ఊరంతా ఒక్కటే రోజు మొదలుపెట్టుడు, ముసలోళ్లకూ పిల్లలకూ సమానంగా పంచుడు. బడి మొఖం చూడని మన తాతలు దాన్ని పండుగ చేసి పెట్టిన్రు. పుస్తకంలో పర్యావరణ పరిరక్షణ అని రాస్తే మార్కుల కోసం బట్టీ పడతం, గూడెంలో అమ్మమ్మ చేస్తే నవ్వుతమా?

ఇంకొందరు మేడారం ఉంది కదా అంటరు. ఉంది, అది మనది. 1996లో రాష్ట్ర పండుగ అయింది, సెలవులిస్తరు, బస్సులేస్తరు. కానీ సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్లకోసారి. మిగతా రోజులు మన బతుకు చెట్టు కిందనే కదా? కోటి మంది వచ్చే జాతర ఫొటోలు స్టేటస్ పెట్టుకుని, పది ఇండ్లు కలిసి చేసుకునే పండుగను మరిచిపోతే మనకు మిగిలేది ఫొటోనే.

హాస్టల్లో ఏమైతుందో మనందరికీ ఎరికే. సంక్రాంతికి అడగకుండానే పంపిస్తరు. చిక్కుడు పండుగ అని చీటీ రాస్తే ‘గదేం పండుగ’ అని నవ్వుతరు. అందుకే మనోళ్లు జ్వరం అని రాస్తున్నరు. మన పండుగకు మనం పోవాలంటే రోగం వచ్చిందని అబద్ధమాడాల్నా?

చెల్పూర్ దిక్కు వస్తే ముందుగాల థర్మల్ పొగగొట్టాలు కనబడతయి. అక్కడ 1100 మెగావాట్ల కరెంటు తయారైతది. కరెంటు వద్దనట్లేదు, ఆ బల్బు కిందనే మేమూ చదువుతున్నం. భూపాలపల్లి బొగ్గుకు టన్నుల్లో లెక్కుంది. మరి మన ఇప్పచెట్ల లెక్క ఎవరి దగ్గరుంది? చెట్టు పోయినంక పండుగ దేనికి చేస్తం?

2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మన ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెప్తది. హక్కు కాగితం మీదుంది, అడిగే నోరు మన దగ్గరుండాలె.

అందుకే ఈసారి మూడు పనులు చేద్దాం.

1. సెలవు చీటీలో పండుగ పేరే రాద్దాం. ఒక్కరు రాస్తే నవ్వుతరు, హాస్టల్లో మనోళ్లమంతా రాస్తే చదువుతరు.
2. ఊరికి పోయినప్పుడు ఫోన్ పక్కన పెట్టి వడ్డెల దగ్గర, పెద్దమనుషుల దగ్గర కూసుందాం. పండుగ ఎట్ల చేయాల్నో నేర్చుకుని నోట్‌బుక్కులో రాసుకుందాం.
3. గూడెం చుట్టూ ఉన్న ఇప్ప, మామిడి, తునికి చెట్లు లెక్కపెట్టి గ్రామసభ ముందు పెడదాం.

మన ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మనం. పండుగ చేసే ఆఖరోళ్లం కూడా మనమే కావొద్దు.

జై ఆదివాసీ!