‘గిల్టీ’ అనే ముందు...

అమెరికా కోర్టు అనగానే మనకి సినిమానే గుర్తొస్తుంది. పన్నెండు మంది జ్యూరీ, ‘అబ్జెక్షన్ యువరానర్’ అంటూ లేచే లాయరు, సుత్తి కొట్టే జడ్జి. కానీ అక్కడ శిక్ష పడే కేసుల్లో జ్యూరీ దాకా వెళ్లేవి చాలా తక్కువ. 2012లో ఆ దేశ సుప్రీంకోర్టే ఒక తీర్పులో లెక్క చెప్పింది. ఫెడరల్ కోర్టుల్లో దోషులుగా తేలినవాళ్లలో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం తమంతట తామే నేరం ఒప్పుకున్నవాళ్లట! అంటే అసలు కథ నడిచేది ప్రాసిక్యూటరుకీ, నిందితుడి లాయరుకీ మధ్య జరిగే బేరంలో. దాన్నే ‘ప్లీ బార్గెయిన్’ అంటారు. “నువ్వు ఒప్పుకో, మేం సెక్షన్ తగ్గిస్తాం” అన్నమాట.

ఇది మనకెందుకు అంటారా? మన తెలుగు పిల్లలు వేలమంది అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. షాపులో బిల్లు కట్టకుండా వస్తువు బయటికి తెచ్చారనో, తాగి కారు నడిపారనో కేసుల్లో ఇరుక్కున్న వార్తలు అప్పుడప్పుడూ చూస్తూనే ఉన్నాం. అలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహా దాదాపు ఒకటే. “ఒప్పేసుకుని ఫైన్ కట్టెయ్ రా, అయిపోతుంది.” అమెరికా పౌరుడికైతే అయిపోవచ్చు. వీసా మీద ఉన్నవాడికి అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

ముందు ఎవరి పాత్ర ఏంటో చూద్దాం. మన దగ్గర చిన్న కేసయితే రెండు పక్షాలూ రాజీపడి లోక్ అదాలత్‌లో తేల్చేసుకోవచ్చు. అక్కడ కేసు ‘స్టేట్ వర్సెస్ ఫలానా’ అని నడుస్తుంది. షాపు ఓనరు “డబ్బులు కట్టేశాడు, వదిలెయ్యండి” అన్నా, సాధారణంగా ఆ నిర్ణయం ఆయనది కాదు, ప్రాసిక్యూటరుది. ఏ సెక్షన్ పెట్టాలి, ఎంత తగ్గించాలి, అసలు కేసు నడపాలా వద్దా... అన్నీ ఆయన చేతిలోనే. చాలా రాష్ట్రాల్లో ఈ డిస్ట్రిక్ట్ అటార్నీ ఎన్నికల్లో గెలిచి వచ్చే మనిషి. జడ్జిది అంపైర్ పాత్ర.

ఇక హక్కులు. “మౌనంగా ఉండే హక్కు నీకుంది, లాయరుని పెట్టుకునే హక్కుంది” అని పోలీసులు చదివే మాటలకి మూలం 1966 నాటి మిరాండా తీర్పు. దీని మీద రెండు అపోహలున్నాయి. ఆ మాటలు చదవకపోతే కేసు కొట్టేస్తారని ఒకటి. అదేం కాదు. కస్టడీలో అడిగి రాబట్టిన జవాబుల్ని మామూలుగా సాక్ష్యంగా వాడుకోలేరు, అంతే. ఊరికే నోరుమూసుకుని కూర్చుంటే చాలనేది రెండోది. 2010లో సుప్రీంకోర్టు దాన్నీ తేల్చేసింది. “నేను మాట్లాడను, నాకు లాయరు కావాలి” అని నోరు తెరిచి స్పష్టంగా చెప్పాల్సిందే.

ఫోన్ సంగతి కూడా. అరెస్టయినవాడి ఫోన్ వెతకాలంటే మామూలుగా వారెంట్ కావాలని 2014లో తీర్పొచ్చింది. కానీ మర్యాదకి పోయి మీరే అన్‌లాక్ చేసి చేతిలో పెట్టి “చూసుకోండి సార్” అంటే, ఇష్టపడి ఇచ్చినట్టే లెక్క. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం రూల్స్ వేరు.

లాయరుకి డబ్బుల్లేవా? ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు లాయరు లేకుండానే విచారణ ఎదుర్కొని జైలుకెళ్లాడు. అక్కణ్ణుంచే పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో గెలిచాడు. లాయరుతో మళ్లీ విచారణ జరిగితే నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన పుణ్యమా అని ఇవాళ జైలుశిక్ష పడే కేసుల్లో డబ్బులేని నిందితుడికి ప్రభుత్వమే లాయరుని ఇస్తుంది. దీనికి పౌరసత్వంతో పనిలేదు. ఇంగ్లిష్ ఇబ్బందయితే తెలుగు దుబాసీని కూడా అడగొచ్చు.

కోర్టులో మొదటిసారి నిలబడినప్పుడు గిల్టీనా, నాట్ గిల్టీనా అని అడుగుతారు. తప్పు చేసి ‘నాట్ గిల్టీ’ అంటే అబద్ధమాడినట్టు కదా అని మనవాళ్లకి మొహమాటం. కానీ ఆ మాటకి అర్థం “నేరం నిరూపించే బాధ్యత మీదే” అని మాత్రమే. ఆలోచించుకోవడానికి, లాయరుతో మాట్లాడుకోవడానికి అది టైమిస్తుంది. ‘గిల్టీ’ అనేది అలా కాదు. చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కినట్టు ఒకసారి అనేస్తే, వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఎంత కష్టమో హోసె పడియా కేసు చూస్తే తెలుస్తుంది. హోండూరస్‌లో పుట్టినవాడు. నలభై ఏళ్లకు పైగా అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో ఆ దేశం తరఫున పనిచేశాడు. ట్రక్కులో గంజాయి తరలించాడని కేసు పెడితే, “ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు, నీ స్టేటస్‌కి భయం లేదు” అని లాయరు చెప్పాడు. ఆ మాట నమ్మి గిల్టీ అన్నాడు. దేశం నుంచి పంపించేసే పరిస్థితొచ్చింది. 2010లో ఆయన కేసులోనే సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని నిందితుడికి చెప్పడం లాయరు బాధ్యత అని తీర్పిచ్చింది.

ఇంకో మెలిక. క్రిమినల్ కోర్టు “శిక్ష లేదు, కొన్నాళ్లు ప్రొబేషన్‌లో బుద్ధిగా ఉంటే కేసు మూసేస్తాం” అన్నా, నేరం ఒప్పుకుని ఉంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష కిందే లెక్కేయొచ్చు. చిన్న దొంగతనం కూడా చాలాసార్లు ‘నైతిక పతనం’ నేరాల జాబితాలోకి వెళ్తుంది. పైగా ఇమిగ్రేషన్ కోర్టులో ఉచిత లాయరు హక్కు లేదు. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ వ్యవహారంలో మన విద్యార్థులు వందమందికి పైగా నిర్బంధంలోకి వెళ్లారు. వాళ్ల మీద పెట్టినవి క్రిమినల్ కేసులు కాదు, ఇమిగ్రేషన్ కేసులు. కాబట్టి లాయరు ఖర్చు ఎవరిది వాళ్లదే.

అందుకే ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే లాయరుని అడగాల్సిన ప్రశ్న: “నేను దీనికి ఒప్పుకుంటే నా వీసా ఏమవుతుంది?” ఆయనకి తెలియకపోతే ఇమిగ్రేషన్ లాయరుని కలవాలి. జవాబు రాతలో తీసుకుంటే ఇంకా మంచిది. అరెస్టయితే భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు కూడా ఉంది.

ఇక్కడున్న అమ్మానాన్నలకి ఒక మాట. అర్ధరాత్రి జైలు నుంచి పిల్లవాడు ఫోన్ చేస్తే “అసలేం జరిగింది, నువ్వే చేశావా?” అని అడగొద్దు. ఆ కాల్స్ మామూలుగా రికార్డవుతాయి, కోర్టులో సాక్ష్యంగా రావచ్చు. తెలుగులోనే కదా మాట్లాడుతున్నాం అనుకోవద్దు, అనువాదకులు వాళ్లకీ దొరుకుతారు. “అన్నం తిన్నావా? లాయరుతో మాట్లాడే దాకా ఎవరికీ ఏమీ చెప్పకు, దేనికీ ఒప్పుకోకు” అనండి. ఆ ఫోన్లో అంతకంటే మాట్లాడాల్సింది ఏమీ లేదు.