చదవని చదువుకు అర్హతపత్రం

ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తిచేసి నెట్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి కిందటి వేసవిలో మా ఇంటికొచ్చింది. చేతిలో అంచులు నలిగిపోయిన బిట్ బ్యాంకు. సినెక్‌డొకి అంటే ఏమిటని అడిగితే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది: భాగం పేరుతో మొత్తాన్ని చెప్పడం, లేదా మొత్తం పేరుతో భాగాన్ని. కాసేపటికి ఇంటి సంగతుల్లో పడి, "మా అమ్మ రోజూ అంటది సార్, తినే నోళ్లు ఆరు, కష్టపడే చేతులు రెండేనని" అంది. ఇందాక నువ్వు చెప్పింది ఇదేనమ్మా అన్నాను. ఏది సార్ అంది. నోళ్లంటే మనుషులు కాదా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. పుట్టినప్పటినుంచీ చెవిన పడుతున్న మాటకూ తాను బట్టీపట్టిన నిర్వచనానికీ సంబంధం ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

తప్పు ఆమెది కాదు. పరీక్ష ఏది అడిగితే పిల్లలు దాన్నే చదువుతారు. యూజీసీ నెట్ ఇంగ్లీషు రెండో పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు. ఈ నవలలను అచ్చయిన వరుసలో పెట్టండి. ఈ పాత్రలను ఆ పుస్తకాలతో జతపరచండి. ఈ నిర్వచనం ఏ అలంకారానిది? ‘జేన్ ఐర్’, ‘వదరింగ్ హైట్స్’ రెండూ 1847లో వచ్చాయని గుర్తుంటే చాలు, జవాబు దొరికిపోతుంది. ఒకే ఇంట్లో పెరిగిన అక్కాచెల్లెళ్ల పుస్తకాలు ఒకే ఏడాది వచ్చి కూడా ప్రేమ గురించి అంత వేరుగా ఎందుకు మాట్లాడాయని రాత్రులు తెల్లవార్లూ ఆలోచించిన పిల్లకు ఆ ఆలోచన రాసుకునే చోటే లేదు. చివర్లో గద్యమో పద్యమో ఇస్తారు, నిజమే. దాని కిందా నాలుగు జవాబులే. ఒక్క నవల తెరవకుండా, ఒక్క వాక్యం సొంతంగా రాయకుండా కాలేజీలో సాహిత్యం చెప్పడానికి అర్హత సంపాదించవచ్చు. ఇది నాకు కడుపు మండించే విషయం.

1729లో జొనాథన్ స్విఫ్ట్ ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ రాశాడు. రచయిత, పుస్తకం, సంవత్సరం, సెటైర్: బిట్ బ్యాంకులో ఒక్క లైను. ఆ సాయంత్రం దాన్నే తీసి అమ్మాయి చేతికిచ్చాను. ఐర్లాండులో పేదల పిల్లలు ఏటా 1,20,000 మంది పుడుతున్నారనుకుందాం, 20,000 మందిని సంతతికోసం ఉంచి, తక్కిన లక్షమందిని ఏడాది నిండగానే ధనవంతుల భోజనాలకు అమ్మేద్దాం అని ఒక పెద్దమనిషి నెమ్మదిగా, మర్యాదగా లెక్కలు కడతాడు. ఎక్కడా గొంతు పెంచడు. అమ్మాయి చదువుతూ చదువుతూ తల్లిని సూచించే ఒక మాట దగ్గర ఆగింది. డామ్. నిఘంటువు తీయమన్నాను. తల్లి పశువు అని ఉంది. "బర్రె ఈనిందంటం సార్. మనిషిని ఈనిందని తిట్టుకే అంటం" అంది. ఆ వ్యాసమంతా ఆ మాటలో ఉంది. మనిషిని పశువుగా లెక్కేశాక మిగతా లెక్కలన్నీ తప్పులేకుండా నడిచిపోతాయి. మాట్లాడుతున్నవాడు స్విఫ్ట్ కాదనీ, వాడి నోటితోనే వాణ్ణి స్విఫ్ట్ పట్టిస్తున్నాడనీ ఆమె నా సాయం లేకుండానే చెప్పింది. తినే నోళ్ల లెక్క తెలిసిన ఇంటి పిల్ల కదా. ఆమె అప్పుడు చేసింది సాహిత్య విమర్శ. దానికి ఏ గడిలోనూ మార్కు లేదు.

వ్యాసాలు రాయిస్తే దిద్దేవాళ్లు పక్షపాతం చూపిస్తారంటారు. ఇంటిపేరు చూసి, ఊరు చూసి మార్కులు వేస్తారన్న భయం వట్టి భయం కాదు. బిట్లకు కులం తెలియదనే మాటను నేను గౌరవిస్తాను. కానీ మన దేశంలో కలెక్టర్లను ఎంచుకునే సివిల్స్ మెయిన్స్‌లో ఇప్పటికీ వ్యాసమే రాయిస్తున్నారు, ఒక్క వ్యాసాల పేపరుకే 250 మార్కులు పెట్టారు. జిల్లాను ఏలేవాడు రాయగలిగి ఉండాలి గానీ రాయడం నేర్పేవాడికి ఆ అవసరం లేదా? పేర్లు తీసేసి నంబర్లు వేయండి. ఒక్కో పేపరును ఇద్దరిచేత దిద్దించండి.

లక్షలమంది రాస్తారు, ఎవరు దిద్దుతారని ఇంకో మాట. నెట్ దగ్గరే దానికి జవాబు ఉండేది. 2012 జూన్‌కు ముందు మూడో పేపరులో జవాబులు రాయాల్సి వచ్చేది. మొదటి రెండు పేపర్లలో కనీస మార్కులు దాటినవాళ్లవే దిద్దేవాళ్లు. వడపోత బిట్లతో, ఎంపిక రాతతో. ఆ మూడో పేపరును 2012లో బిట్లు చేశారు, 2018లో మొత్తంగా తీసేశారు. పని తేలికైంది దిద్దించేవాళ్లకు. ఆ బరువు మోస్తున్నది క్లాసురూములు. బిట్లతో గెలిచి వచ్చిన లెక్చరర్ బిట్లే చెబుతాడు, అతని క్లాసులోంచి ఇంకో బిట్ బ్యాంకు చేత పట్టుకుని ఇంకో అమ్మాయి బయటికొస్తుంది.

ఆ మూడో పేపరు వెనక్కి తెండి. స్విఫ్ట్ రెండు పేజీలు అచ్చేయండి, పేరూ సంవత్సరమూ తీసేసి. పది తెల్లకాగితాలు, గంట సమయం ఇవ్వండి. డామ్ అన్న మాట దగ్గర ఎవరు ఆగారో, ఎవరు దాటిపోయారో దిద్దేటప్పుడు మీకే కనిపిస్తుంది.