దొంగలు పడ్డ పన్నెండేళ్లకు

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. లండన్ నుంచి వెలువడే లాన్సెట్ వైద్యపత్రికలో కుక్కలు మరీ శాంతస్వభావం గలవి. వాటికి పన్నెండేళ్లు పట్టింది.

1998 ఫిబ్రవరిలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు మరో పన్నెండుగురితో కలిసి అందులో ఒక పత్రం ప్రచురించాడు. పరిశీలించినది పన్నెండుమంది పిల్లల్ని. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎమ్మెమ్మార్ టీకాకూ, ఆటిజానికీ ఏదో లంకె ఉండవచ్చునన్న అనుమానాన్ని ఆ పత్రం లోకం మీదికి వదిలింది. అది చాలు. ఇంగ్లండులో 92 శాతం దాకా ఉన్న ఆ టీకా వాడకం 2003-04 నాటికి 80 శాతానికి పడిపోయింది. అణగిపోయిందనుకున్న తట్టు 2008 నాటికి ఇంగ్లండులోను, వేల్స్‌లోను మళ్లీ స్థిరనివాసం ఏర్పరచుకున్నది.

ఇక్కడ నా అభియోగం వేక్‌ఫీల్డ్ మీద కాదు. అతణ్ణి తిట్టినవాళ్లు వేలమంది ఉన్నారు, తిట్టవలసినంతా తిట్టారు. నా అభియోగం ఆ పత్రానికి సింహాసనం వేసి కూర్చోబెట్టి, అది కుళ్లిందని తెలిసినా దింపడానికి మనసొప్పని సంపాదకుల మీద.

బ్రయన్ డీర్ అనే పాత్రికేయుడు 2004 ఫిబ్రవరిలోనే గుట్టు విప్పాడు. టీకా కంపెనీల మీద దావా వేయదలచిన న్యాయవాదుల వద్ద వేక్‌ఫీల్డ్ సొమ్ము పుచ్చుకున్నాడనీ, ఆ సంగతి పత్రికకు చెప్పలేదనీ బయటపెట్టాడు. (ఆ సొమ్ము నాలుగు లక్షల ముప్ఫై అయిదువేల పౌండ్ల పైచిలుకని తరవాత తేలింది.) అప్పుడు లాన్సెట్ ఏం చేసింది? ఆరోపణలకు గురైన రచయితల చేతనే, వారు పనిచేసిన ఆసుపత్రి చేతనే సంజాయిషీలు రాయించి అచ్చువేసింది. నీతినియమాలకు సంబంధించిన ఆరోపణలను చాలామటుకు తోసిపుచ్చింది. సొమ్ము సంగతి మాత్రం ముందే తెలిసివుంటే బాగుండేదని నొచ్చుకున్నది. దొంగసొత్తు ఇంట్లో ఉందా అని ఇంటివాళ్లనే అడిగి, లేదన్నారని రాసుకుని వెళ్లే పోలీసును మనం ఏమంటాం? ఆ మరుసటి నెలలో పదమూడుగురు రచయితల్లో పదిమంది తమ పత్రంలోని వ్యాఖ్యానాన్ని తామే వెనక్కి తీసుకున్నారు. పత్రం మాత్రం చెక్కుచెదరకుండా ఇంకా ఆరేళ్లు అక్కడే ఉంది.

2010 జనవరి నెలాఖరులో బ్రిటన్ వైద్యమండలి తీర్పు వెలువడింది. అయిదు రోజులు తిరక్కుండా ఫిబ్రవరి 2న లాన్సెట్ పత్రాన్ని ఉపసంహరించింది. ఆ ప్రకటన ఒక్క పేరా. పిల్లల్ని వరసగా వచ్చినవారిని వచ్చినట్లే తీసుకున్నామన్న మాటా, పరీక్షలకు నైతికసంఘం అనుమతి ఉందన్న మాటా అబద్ధాలని తేలినందువల్ల ఉపసంహరిస్తున్నామని అందులో ఉంది. మరి పత్రంలో రాసిన రోగచరిత్రలు నిజమైనవేనా? ఆ పేరాలో ఆ ఊసే లేదు. ఆసుపత్రి దస్తావేజులకూ అచ్చయిన వివరాలకూ పొంతన లేదని డీర్ రాసిన వ్యాసాలను, అది మోసమేనన్న సంపాదకీయాన్ని 2011 జనవరిలో ప్రచురించింది బ్రిటిష్ మెడికల్ జర్నల్. అంటే లాన్సెట్ ఇంటి చెత్తను పక్కింటివాళ్లు ఊడ్చారు.

ఇంతకన్నా పిసినారి ప్రకటనలు కూడా ఉన్నాయి. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ చాలాకాలం పాటు "ఈ పత్రాన్ని రచయితలు ఉపసంహరించుకున్నారు" అనే అర్థం వచ్చే ఒక్క వాక్యంతో సరిపెట్టేది. ఎందుకు? చెప్పరు. పొరపాటా, మోసమా? చెప్పరు. ఇటువంటి ప్రకటనలను వెదికి నిలదీయడానికే ఇద్దరు పాత్రికేయులు, ఐవన్ ఒరాన్‌స్కీ, ఆడం మార్కస్, 2010లో రిట్రాక్షన్ వాచ్ ప్రారంభించవలసి వచ్చింది. తరవాత ఆ పత్రిక పద్ధతి మెరుగుపడిందంటే అది ఆ పోరు పుణ్యమేనని నా అభిప్రాయం.

"అంతా వాళ్ల గొడవ, మనకేం" అనుకునే వీలు తెలుగువాళ్లకు లేదు. 2008లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ఒక రసాయనశాస్త్ర ఆచార్యుని బాగోతం అంతర్జాతీయంగా బయటపడింది. ఇతరుల పత్రాలు కాజేసీ, ఫలితాలు కల్పించీ నాలుగేళ్లలో దాదాపు 70 పత్రాలు అచ్చువేయించారని వార్త. అది చదివినప్పుడు తల కొట్టేసినట్లయింది. కాని సిగ్గుపడటం అయ్యాక లెక్క వేసి చూడండి: రెండు నెలలకు మూడు పత్రాలు. అవి అచ్చయినవి పాతిక వరకు పత్రికల్లో. ఒక్కొక్క పత్రాన్నీ సమీక్షకులు చదివారన్నమాట, సంపాదకుడు ఆమోదించాడన్నమాట! తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే. అపకీర్తి మాత్రం తిరుపతికి దక్కింది, పత్రికలు తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయాయి.

సంపాదకులు చెప్పుకునే సాకు ఒకటుంది: "మేం న్యాయస్థానం కాదు, విచారణ విశ్వవిద్యాలయం పని, తొందరపడితే పరువునష్టం దావా పడుతుంది". ఇందులో నిజం లేకపోలేదు. కాని తలచుకుంటే ఆలస్యం కానక్కరలేదని అదే లాన్సెట్ నిరూపించింది. 2020 మే 22న, 671 ఆసుపత్రుల నుంచి 96,032 మంది కోవిడ్ రోగుల సమాచారం సేకరించామంటూ, హైడ్రాక్సీక్లోరోక్విన్ ప్రమాదకరమని ఒక పత్రం ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మందు మీద తన ప్రయోగాన్ని నిలిపివేసింది కూడా. అంకెలు పొసగడం లేదని వందమందికి పైగా శాస్త్రజ్ఞులు బహిరంగలేఖ రాశారు. ఆ సమాచారం తనదని చెప్పుకున్న సర్జిస్ఫియర్ కంపెనీ దాన్ని స్వతంత్ర పరిశీలనకు ఇవ్వలేదు. జూన్ 4న పత్రం పోయింది. పదమూడు రోజులు! పన్నెండేళ్లెక్కడ, పదమూడు రోజులెక్కడ! లోకమంతా కళ్లప్పగించి చూస్తూ ఉండటమే అసలు తేడా. ఎవరూ చూడని పత్రాల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇక రచయితల వద్ద రుసుము పుచ్చుకుని ప్రచురిస్తూ వచ్చిన హిందావీ సంస్థ సంగతి. దాన్ని వైలీ కంపెనీ 2021లో కొన్నది. ఒక్క 2023లోనే అక్కడ 8,000కు పైగా పత్రాలు ఉపసంహరించవలసి వచ్చింది. దీన్ని ప్రక్షాళన అని మెచ్చుకున్నవారున్నారు. నాకైతే మెచ్చుకోబుద్ధి కాలేదు. అన్ని వేల పత్రాలు లోపలికి వస్తున్నప్పుడు ద్వారం దగ్గర కూర్చున్నది ఎవరు?

ఉపసంహరణ అంటే ఉరిశిక్ష అన్న భావం పోనంతకాలం ఈ నాన్చుడు తప్పదు. 2018లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన తమ పత్రాన్ని 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రాబట్టలేకపోయామనీ, ప్రయోగపుస్తకంలో కొన్ని నమోదులు లేవనీ ప్రకటనలోనే ఉంది. పత్రం పంపినప్పుడు తాను పనుల ఒత్తిడిలో ఉండి సరిగా చూడలేదని ఆవిడ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. ఆవిడ పరువేమీ పోలేదు.

లాన్సెట్ వారి 1998 పత్రం ఇప్పటికీ దొరుకుతుంది. ప్రతి పుట మీదా "ఉపసంహృతం" అన్న ఇంగ్లీషు మాట ఎర్రటి అక్షరాలతో అడ్డంగా ఉంటుంది. ఎందుకో మాత్రం ఆ పుటల్లో ఉండదు.