లెదర్ జాకెట్ క్లీనింగ్‌కి ఇచ్చే ముందు ఒక్కసారి ఆగండి



వానలు వెనకబట్టాయి. ఇంకొన్నాళ్లలో లంబసింగిలో, పాడేరు ఘాట్‌లో చలి మొదలవుతుంది. హాస్టళ్లలో ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి. లెదర్ జాకెట్లు బయటికొస్తాయి, వాటితోపాటు తెల్లటి బూజు కూడా. అప్పుడు ప్రతి రూములోనూ ఒకటే మాట: "డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేద్దామా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చాలాసార్లు ఇవ్వక్కర్లేదు. ఇవ్వాల్సి వస్తే మాత్రం తోలు పని తెలిసిన చోటే ఇవ్వాలి, బట్టలుతికే చోట కాదు. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నా. మీకు ఆ ఖర్చు తప్పితే చాలని రాస్తున్నా.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా విశాఖలో ఫుట్‌పాత్ మీద ఒక పాత లెదర్ జాకెట్ కొన్నా. స్కాలర్‌షిప్ పడిన వారం అది. బేరమాడి, బేరమాడి పదిహేను వందలకి తెచ్చా. ఘాట్ రోడ్డులో తెల్లారుజామున బండి మీద వెళ్లేవాళ్లకి తెలుసు, స్వెట్టర్ ఎంత మందంగా ఉన్నా గాలి లోపలికి దూరిపోతుంది. తోలు అయితే ఆపుతుంది. బండి జారితే మన చర్మానికి బదులు అదే రోడ్డుకి రాసుకుంటుంది. అందుకే అది నాకు షోకు కాదు, అవసరం.

సంక్రాంతికి ఊరెళ్తే దారిలో మంచుకి తడిసిపోయింది. రాత్రి నాన్న దాన్ని తీసుకెళ్లి పొయ్యి పైన, విత్తనానికి దాచిన మొక్కజొన్న పొత్తుల పక్కన తగిలించాడు. ఆయన లెక్క ఆయనది. పొగ తగిలితే పొత్తులకి పురుగు పట్టదు. డప్పు మెత్తబడితే మంట దగ్గర పెడితే బిగుస్తుంది. జాకెట్టూ తోలే కదా! తెల్లారేసరికి జాకెట్ ఆరింది గానీ భుజాల దగ్గర అట్టలా అయింది. పొగ వాసన లోపలిదాకా పట్టేసింది.

అదే వేసుకుని కాలేజీకెళ్లా. పక్క బెంచీ కుర్రాడు ముక్కు మూసుకుని, "ఏంట్రా, అడవిలోంచి డైరెక్టుగా వచ్చావా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రమే లాండ్రీ షాపుకెళ్లి ఆరువందల యాభై కట్టి జాకెట్ ఇచ్చేశా.

పది రోజులకి తిరిగొచ్చింది. వాసన పోయింది. దాంతోపాటు మెత్తదనమూ పోయింది. ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగు. మోచేతి దగ్గర సన్నటి పగుళ్లు. అడిగితే రసీదు వెనక చూపించాడు: "తోలు వస్తువులకు మా బాధ్యత లేదు." నోరు మూసుకుని వచ్చేశా. అప్పుడు నాకు రెండు విషయాలు తెలియవు. ఒకటి, తోలుకి ఏం జరిగిందో. రెండు, ఆ రసీదు మాటకి ఎంత విలువుందో.

మొదటిది చూద్దాం. నాన్న ఎక్కడ పొరబడ్డాడో, లాండ్రీవాడు ఎక్కడ పొరబడ్డాడో రెండూ ఇందులోనే ఉన్నాయి.

మన థింసాలో వాయించే డప్పుకి వేసేది పచ్చి తోలు. వెంట్రుక తీసి, గీకి, సాగదీసి ఆరబెట్టినది. దాన్ని ఊనలేదు. తేమ తగిలితే సాగుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది. అందుకే డప్పు కాచుకుంటాం. జాకెట్ తోలు వేరు. అది ఊనిన తోలు. ఇప్పుడు వచ్చే జాకెట్లలో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో ఊనినవి. పాత పద్ధతిలో తంగేడు బెరడుతో, కరక్కాయతో ఊనేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల ఊనుతున్నారు. మనం కొండల్లో ఏరి సంతకి తెచ్చే, జీసీసీకి అమ్మే ఆ కరక్కాయే. అందులోని వగరు తోలుని కుళ్లకుండా కాపాడుతుంది.

ఊనిన తర్వాత తోలులోకి నూనె పట్టిస్తారు. ఆ నూనె వల్లే పోగుకి పోగు అతుక్కోకుండా జాకెట్ మెత్తగా వంగుతుంది. పొయ్యి సెగకి తడి తోలు గట్టిపడుతుంది, ముడుచుకుంటుంది. నాన్న పెట్టిన చోట జరిగింది అదే. డప్పుకి మేలు చేసే సెగ జాకెట్‌కి కీడు చేసింది. ఆయన తెలివి తక్కువేం కాదు. ఆయనకి తెలిసిన తోలు వేరు, ఇది వేరు, అంతే.

ఇక లాండ్రీ. డ్రై క్లీనింగ్ అంటే నీళ్లు వాడరని మాత్రమే అర్థం. నీళ్లకి బదులు జిడ్డుని కరిగించే రసాయనాలు వాడతారు. పెర్‌క్లోరోఎథిలిన్ అనేది ఒకటి, పెట్రోలు జాతివి ఇంకొన్ని. ప్యాంటు మీది జిడ్డు వేరు, ప్యాంటు వేరు. కానీ తోలులో నూనె తోలులో భాగమే. ఆ రసాయనానికి మురికి జిడ్డు ఏదో, తోలు నూనె ఏదో తేడా తెలీదు. రెండూ లాగేస్తుంది. రంగునీ కొంత లాగుతుంది. తోలు పని తెలిసినవాళ్లు శుభ్రం చేశాక మళ్లీ నూనె పట్టిస్తారు, రంగు సరిచేస్తారు. మామూలు లాండ్రీలో ఆ రెండో పని ఉండదు. నేను ఆరువందల యాభై కట్టింది సగం పనికి.

అలాగని ఇంట్లో సబ్బునీళ్లలో ముంచమని కాదు. తోలు స్వభావం కొంచెం పులుపు వైపు ఉంటుంది. సబ్బుది క్షారం. బట్టల సోపు, సర్ఫు పెట్టి రుద్దితే తోలు దెబ్బతింటుంది. వాషింగ్ మెషీన్ మాటే ఎత్తొద్దు.

మరి ఏం చెయ్యాలి? ముందు అది తోలో కాదో చూడండి. ఫుట్‌పాత్ మీద లెదర్ అని అమ్మేవాటిలో చాలావరకు రెగ్జినే. లోపలి కుట్టు దగ్గర అంచు చూడండి. పీచుపీచుగా ఉంటే తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొరలా ఉంటే రెగ్జిన్. రెగ్జిన్ పొరలు పొరలుగా ఊడుతుంటే ఏ క్లీనింగూ దాన్ని బాగుచెయ్యలేదు, డబ్బు దండగ. బాగానే ఉంటే తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తోలే అయితే, దుమ్ముకి మెత్తటి పొడిగుడ్డ. చెమట మరకకి, కాలర్ మురికికి గట్టిగా పిండిన తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. బూజు పడితే రూములో దులపకండి, అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని బయట దులపండి. తర్వాత తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, అందులో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. ముందు లోపలివైపు కనపడని చోట కొంచెం రాసి రంగు వదలట్లేదని చూసుకున్నాకే మిగతాది. ఆపైన నీడలో, గాలి తగిలేచోట వెడల్పు హ్యాంగర్‌కి వేసి ఆరనివ్వండి. ఎండా వద్దు, పొయ్యీ వద్దు, హెయిర్ డ్రయ్యరూ వద్దు.

పూర్తిగా ఆరాక లెదర్ కండిషనర్ కొంచెం, చాలా కొంచెం రాయండి. ఒక డబ్బా రూము మొత్తం కలిసి కొనుక్కుంటే ఏళ్లు వస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. మనోళ్లలో సగంమంది చేసే పని ఇదే. ఆ రోజుకి నిగనిగలాడుతుంది, తర్వాత మచ్చలు తేలుతుంది, కనరు వాసనొస్తుంది. బూటు పాలిష్ కూడా వద్దు. అది చొక్కా కాలర్‌కి అంటుతుంది.

దాచేటప్పుడు పాలిథిన్ కవర్‌లో కట్టి ట్రంకులో పడెయ్యడమే మనం చేసే పెద్ద తప్పు. ఏజెన్సీ వానాకాలంలో అది బూజుకి పంట పొలం. పాత దుప్పటి గుడ్డ కప్పి గోడ మేకుకి హ్యాంగర్‌తో వెయ్యండి. పది పదిహేను రోజులకోసారి గాలికి తియ్యండి.

ఇంత చేసినా క్లీనింగ్‌కి ఇవ్వాల్సిన సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో అన్నీ అయిపోతాయి అనేవాళ్లతో నేను ఏకీభవించను. బూజు లోపలి లైనింగ్‌లోకి దిగితే, ఇంజిన్ ఆయిల్ లాంటిది తోలులోకి ఇంకితే, రంగు పోతే అది మన చేతిలో పని కాదు. గరుకుగా నూగులా ఉండే స్వెడ్ తోలైనా, లోపల ఉన్ని ఉన్నదైనా ఇంట్లో తడి తగలనివ్వొద్దు. అప్పుడు ఇవ్వండి. కానీ ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పని మీ దగ్గరే చేస్తారా, వేరేచోటికి పంపుతారా? శుభ్రం చేశాక నూనె పట్టిస్తారా? రంగు మారితే ఎవరు సరిచేస్తారు? ఇంతకుముందు చేసిన జాకెట్ ఒకటి చూపిస్తారా? తడుముకుంటే తిరిగొచ్చేయండి. జాకెట్ లోపల లేబుల్ ఉంటే అదీ చూడండి. సున్నా మీద ఇంటూ గుర్తుంటే డ్రై క్లీనింగ్ వద్దని అర్థం.

లెక్క కూడా వేసుకోండి. క్లీనింగ్ ఖర్చు జాకెట్ ఖరీదులో సగానికి దగ్గరైతే, అది ఫుట్‌పాత్ జాకెట్ అయితే, నేనైతే ఇవ్వను. నాన్నదో, చనిపోయిన అన్నదో అయితే లెక్క వేరు. దానికి ఖరీదు ఉండదు. అలాంటిది తెలియని చేతుల్లో అస్సలు పెట్టకండి.

ఇప్పుడు రెండో విషయం. ఇచ్చేటప్పుడే జాకెట్‌ని ముందూ వెనకా ఫోటోలు తియ్యండి. రసీదు మీద "లెదర్ జాకెట్, రంగు బాగుంది, చిరుగులు లేవు" అని రాయించుకోండి. "బాధ్యత లేదు" అని అచ్చేసినంత మాత్రాన బాధ్యత పోదు. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడిగే హక్కు మనకుంది. ముందు 1915 కి ఫోన్ చెయ్యొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. మన పిల్లలు కౌంటర్ దగ్గర గట్టిగా మాట్లాడరు. తెలుగు యాస వేరుగా ఉంటుందని, నవ్వుతారని ఊరుకుంటారు. నేనూ అలాగే ఊరుకున్నా. మీరు ఊరుకోకండి.

చివరిగా ఒకటి. నిజం చెప్పాలంటే ఆ రోజు జాకెట్‌కి మురికి లేదు. గట్టిపడింది, పొగ వాసన పట్టింది. గట్టిపడిన దానికి కండిషనర్ కావాలి. వాసనకి నాలుగైదు రోజుల గాలి కావాలి. లాండ్రీతో పనే లేదు. నేను పరిగెత్తింది తోలు కోసం కాదు, బెంచీ మీద నవ్విన నలుగురి కోసం. ఆ పొగ మా ఇంటి పొయ్యిది. అమ్మ చీరకి ఉంటుంది, విత్తనం పొత్తులకి ఉంటుంది. దాన్ని కడిగేసుకోవాలన్న తొందరలో, బాగుపడే జాకెట్‌ని పాడుచేసుకున్నా.

శుభ్రంగా ఉండొద్దని నేను అనట్లేదు. ఇంటర్వ్యూకి పొగ వాసనతో వెళ్లమనీ అనట్లేదు. జాకెట్‌కి ఏం కావాలో చూసి చెయ్యండి. సిగ్గు వేసి చెయ్యకండి. సిగ్గుతో పెట్టిన ఖర్చుకి రసీదు కూడా సరిగ్గా అడగలేం.

ఆ జాకెట్ ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుంది. కండిషనర్ రాస్తే కొంచెం మెత్తబడింది. చేతుల రంగు తేడా అలాగే ఉంది. మొన్న పండక్కి ఇంటికొచ్చినప్పుడు నాన్న దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్తుంటే వాడే ఆపి, "నానా, ఇది డప్పు తోలు కాదు" అని వివరంగా చెప్పాడు. నాన్న కాసేపు చేత్తో తడిమి చూశాడు. తీసుకెళ్లి అరుగు మీద, గాలి వచ్చేచోట తగిలించాడు.

మీ జాకెట్ల అనుభవాలు కూడా రాయండి. ముఖ్యంగా మన దగ్గర తోలు పని నిజంగా తెలిసినవాళ్లు ఎక్కడున్నారో రాయండి. అది తెలిస్తే చాలామందికి పనికొస్తుంది.

జోహార్.