బంగారం వెతకడానికి మొదట కొనాల్సింది డిటెక్టర్ కాదు

2023 సెప్టెంబర్‌లో సూరత్‌లోని వరాఛా మినీ బజార్‌లో ఒక పుకారు పుట్టింది. ఎవరో వ్యాపారి వజ్రాల పొట్లం రోడ్డు మీద పడేసుకున్నాడట. గంటలు గడవకముందే జనం రోడ్డు మీద కూర్చుని దుమ్ము ఊడ్చి సంచుల్లో నింపుకున్నారు. దొరికినవి అమెరికన్ డైమండ్లు, అంటే చీరల మీద, గిల్టు నగల్లో పొదిగే రాళ్లు.

ఆ వీడియో చూసి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఈమధ్య లింబాయత్‌లో మరమగ్గం నడిపే ఒక కుర్రాడు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఫోన్‌లో ఒక వీడియో చూపించి అడిగాడు: "అన్నా, తాపీల బంగారం ఉంటదా? ఈ మిషిన్ కొంటే దొరుకుతదా?" ఆ మెటల్ డిటెక్టర్ ధర అతని రెండు నెలల కూలి. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వీడియోలో యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పారు గానీ, ఏ నదిలో పనిచేస్తుందో చెప్పలేదు. నా దృష్టిలో ఈ సరదాలో మొదటి పాఠం ఆ రెండోదే.

తాపీ (మన పాఠ్యపుస్తకాల్లో తపతి) మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి, సూరత్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. దారి పొడవునా అది కోసుకుంటూ వచ్చేది ఎక్కువగా దక్కన్ నాపల బసాల్ట్ రాయినే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పొరలు పొరలుగా ప్రవహించిన లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి అది. ఇలాంటి రాయిలో బంగారం ఉన్నా టన్నుకు కొన్ని మిల్లీగ్రాములే. నది తానుగా బంగారాన్ని తయారు చేయదు. పైన కొండల్లో ఉన్నదాన్ని అరగదీసి, కడిగి, కిందికి మోసుకొస్తుంది, అంతే. కొండలో లేనిది ఇసుకలోకి రాదు.

బసాల్ట్ ఇచ్చే సంపద వేరే ఉంది. లావాలో బుడగలు వదిలిన ఖాళీల్లో సిలికా నిండి అకీకు రాళ్లు తయారవుతాయి. సూరత్‌కు ఉత్తరాన, భరూచ్ జిల్లా రతన్‌పూర్ దగ్గర తవ్విన అకీకులను ఖంభాత్ పనివాళ్లు పూసలుగా చెక్కుతారు. తాపీ, నర్మదల వైపు రాళ్ల సరదాతో తిరిగేవాళ్లకు నేనైతే దీన్నే సిఫార్సు చేస్తాను. అందుకు యంత్రం అక్కర్లేదు, కళ్లు చాలు.

మరి బంగారం ఎక్కడ? మన దేశంలో పేరున్న బంగారు గనులు చాలావరకు 250 కోట్ల ఏళ్లకు పైబడిన ధార్వాడ్ శిలల్లో ఉన్నాయి. కోలార్, హట్టి, అనంతపురం వైపు రామగిరి, కర్నూలు జిల్లా జొన్నగిరి అన్నీ ఆ కోవలోవే. జొన్నగిరి అనగానే తొలకరి వానలకు పొలాల్లో వజ్రాలు ఏరుకునే జనం మనకు గుర్తొస్తారు. వాళ్ల దగ్గర ఉన్నది మ్యాపు కాదు, తరాల అనుభవం. అయినా వాళ్లు చేసేది భూగర్భశాస్త్రం ఒప్పుకునే పనే, ఎందుకంటే ఆ ప్రాంతపు నేలలోనే వజ్రాలున్నాయి. నదుల సంగతికొస్తే ఝార్ఖండ్ మీదుగా పారే సువర్ణరేఖలో, కేరళలో నీలంబూర్ దగ్గర చాలియార్‌లో ఇసుక కడిగి బంగారం తీసేవాళ్లున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది పళ్లెం, డిటెక్టర్ కాదు.

అది పేదరికం వల్లే అనుకుంటే పొరపాటు. డిటెక్టర్ చుట్టలో ప్రవహించే కరెంటు క్షణక్షణం దిశ మార్చుకుంటూ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో సుడి విద్యుత్ పుడుతుంది. దాని ప్రతిస్పందనను యంత్రం పట్టుకుంటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే తెచ్చాడు. పరుపులోని ఇనుప స్ప్రింగులు దాన్ని తికమక పెట్టాయి. ఆ చిక్కు నేటికీ పూర్తిగా తీరలేదు. చిన్న వస్తువు నుంచి తిరిగొచ్చే సంకేతం దూరాన్ని బట్టి ఘోరంగా పడిపోతుంది. లోతు రెట్టింపైతే బలం సుమారు 64వ వంతుకు తగ్గుతుంది.

మన నదుల్లో దొరికే బంగారం ఎక్కువగా పొడి రూపంలో ఉంటుంది. 0.1 మిల్లీమీటర్ వ్యాసమున్న రేణువు బరువు 0.01 మిల్లీగ్రాము. అంటే ఒక గ్రాము కావాలంటే అలాంటివి దాదాపు లక్ష కావాలి. ఇంత చిన్న రేణువు డిటెక్టర్‌కు ఉన్నా లేనట్టే. ఇసుకలో చెదిరిన లక్ష రేణువులూ కలిసి ఒక ముక్కలా పలకవు.

డిటెక్టర్ పనికిరాని వస్తువని కాదు. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 27 కిలోల పైచిలుకు బంగారు ముద్దను పట్టించింది డిటెక్టరే. అక్కడి నేల ముద్దలుగా ఇస్తుంది కాబట్టి ముద్దలను పట్టే యంత్రం అక్కడ చెల్లుతుంది. మనం చూసే వీడియోల్లో చాలావాటికి మూలం అలాంటి నేలే. తాపీలో అయితే బసాల్ట్ నుంచి వచ్చిన మాగ్నెటైట్ నల్ల ఇసుకే యంత్రాన్ని గందరగోళపరుస్తుంది. నమ్మకం లేకపోతే అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు చుట్టి పొడి ఇసుకలో తిప్పి చూడండి. సింగణ్‌పోర్ కాజ్‌వే దిగువన ఆటుపోట్ల ఉప్పునీరు మరో తలనొప్పి, ఎందుకంటే తడి ఉప్పు ఇసుక కూడా విద్యుత్తును మోస్తుంది. ఇవన్నీ దాటి మోగిందంటే అది సీసా మూతో, గుట్కా పొట్లం రేకో, భక్తులు వేసిన నాణెమో. సన్నటి రేకు, చిన్న బంగారు ముక్క దాదాపు ఒకేలా మోగుతాయి కాబట్టి ప్రతిదీ తవ్వి చూడాల్సిందే.

పళ్లెం సంగతి మన వంటింట్లోనే ఉంది. అమ్మ బియ్యం గాలిస్తుంటే బియ్యం నీళ్లతో పాటు జారిపోయి, రాళ్లు అడుగున మిగులుతాయి. గాలించడం అనే మాటకు వెతకడం అనే అర్థం కూడా ఉన్న భాష మనది. బంగారం సాంద్రత 19.3, మామూలు ఇసుకది 2.65, అంటే ఏడు రెట్లకు పైగా తేడా. నీళ్లలో ముంచితే రెండింటి బరువులోంచీ నీటి తేలుడు బలం పోతుంది కాబట్టి ఆ తేడా 11 రెట్లవుతుంది. పళ్లెం శక్తంతా ఈ లెక్కలోనే ఉంది. నగల పనివాళ్ల వీధుల్లో దుమ్ము ఊడ్చి, కడిగి బంగారం తీసేవాళ్లను గుజరాతీలో ధూళ్‌ధోయా అంటారు. వాళ్లదీ ఇదే విద్య. ఆ దుమ్ములో నిజంగానే బంగారం ఉంది, అది ఎక్కడి నుంచి రాలిందో వాళ్లకు తెలుసు. వరాఛా రోడ్డు మీద కూర్చున్నవాళ్లకు లేనిది ఆ తెలివిడే.

చట్టం సంగతి కూడా ఆ వీడియో చెప్పలేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాన్వేషణ చేయకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైన వస్తువేది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. సూరత్ మొఘలుల కాలపు పెద్ద రేవు, ఇక్కడ టంకసాల ఉండేది. తాపీ గట్టున పాత నాణెం దొరకడం బంగారు రేణువు దొరకడం కన్నా నమ్మదగిన విషయం. అలాంటిది తవ్వి జేబులో వేసుకుంటే పోయేది ఒక్క నాణెం కాదు, ఏ పొరలో ఏముందన్న చరిత్ర సాక్ష్యం.

ఆ కుర్రాడికి నేను రెండు పనులు చెప్పాను. ఒకటి, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్‌లో తాపీ పరీవాహకం, జొన్నగిరి రెండింటి శిలా పటాలు పక్కపక్కన చూడమన్నాను. రెండు, బకెట్ ఇసుకలో సైకిల్ బేరింగ్ నుంచి తీసిన పది చిన్న ఉక్కు గుళ్లు కలిపి, పళ్లెంతో అన్నీ తిరిగి రాబట్టమన్నాను. ఉక్కు సాంద్రత 7.8 మాత్రమే కాబట్టి ఇది బంగారం కన్నా కష్టమైన పరీక్ష.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. మొదటిసారి నాలుగే దొరికాయట, మూడోసారికి తొమ్మిది. "పదోది ఎటు పోయిందో తెలుస్తలేదన్నా" అన్నాడు. డిటెక్టర్ ఊసు ఎత్తలేదు.