కడసారి స్నానం

రోగిని, రోగి వాడిన గుడ్డలను తాకకుండా వుంటే ఎబోలా అంటదంటారు డాక్టర్లు. చెప్పడం తేలికే. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఏ తల్లి తాకకుండా వుంటుంది? రక్తం, వాంతి, విరేచనాల ద్వారా సోకే జబ్బు ఇది. కనుక ముందు బలి అయ్యేది సేవ చేసినవారే. ప్రాణం పోయిన తర్వాత శరీరం మరీ ప్రమాదకరం. పశ్చిమాఫ్రికా పల్లెల్లో మృతునికి కడసారి స్నానం చేయించేదీ అయినవాళ్ళే!

1976లో నేటి కాంగో దేశంలోని యంబుకు గ్రామంలో ఈ వ్యాధి బయటపడ్డప్పుడు, ఊరికి అపకీర్తి రాకూడదని దానికి ఒక నది పేరు పెట్టారు. ఆ మర్యాద తర్వాత అన్నివేళలా నిలవలేదు.

2013 డిసెంబరులో గినీ దేశపు మెలియాండూ గ్రామంలో ఒక పసివాడు చనిపోయాడు. ఆ ప్రాంతంలో ప్రబలుతున్నది ఎబోలా అని తేలేసరికి 2014 మార్చి వచ్చింది. జ్వరమూ వాంతులూ మలేరియాలోనూ వుంటాయి గదా! వ్యాధి లైబీరియాకూ, సియెర్రా లియోన్‌కూ పాకి, 2016 నాటికి 11,000 మందికి పైగా పొట్టన పెట్టుకున్నది.

మొదట్లో ముసుగులు తొడుక్కున్న మనుషులు వచ్చి, శవాన్ని సంచిలో పెట్టి తీసుకుపోయేవారు. ఎక్కడ పూడ్చారో ఇంటివారికి తెలియని సందర్భాలూ వున్నాయి. జనం రోగులను దాచసాగారు. మూఢత్వమని మనం తీసిపారేయవచ్చు. కాని తండ్రిని అనామకంగా మట్టిలో కలపడానికి ఎవరి మనసు ఒప్పుతుంది?

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పద్ధతి ప్రకటించింది. ముందు కుటుంబంతో మాట్లాడాలి. ఇమామో పాస్టరో ప్రార్థన చేయాలి. సమాధి మీద పేరుండాలి. మహమ్మదీయులకు నీటి స్నానానికి బదులు, చేతితొడుగులు వేసుకుని పొడిగా శుద్ధిచేసే ఏర్పాటు చేశారు.

నమ్మకం కుదిరితేనే తక్కిన పని సాగుతుంది. రోగిని తాకినవారిని 21 రోజులు గమనించాలి. అదే ఏడు నైజీరియాలో పోలియో పనిలో ఆరితేరిన సిబ్బంది ఇంటింటికీ తిరిగి, సుమారు 900 మందిని కనిపెట్టి చూశారు. అక్కడ వ్యాధి 20 మందితో ఆగిపోయింది. వారిలో 8 మంది మరణించారు.

2015లో గినీలో పరీక్షించిన టీకా ఒక రకం ఎబోలాకు బాగా పనిచేసింది. దానిని రోగి చుట్టూ మెలగినవారికి వేస్తారు. ఆ పేర్లు చెప్పవలసింది ఇంటివారే. తలుపు మూసుకున్న ఇంటికి టీకా ఎలా చేరుతుంది?